అపరకర్మలలో ఓషధులు, పుష్పములు – వాని అంతరార్థము



దేవాలయ ప్రాంగణమున మృత్యువును గూర్చి ముచ్చటించుట అమంగళమని కొందరు తలపవచ్చును. కాని పుట్టినవానికి గిట్టుట తప్పదు. తప్పనిదానిని తెలిసికొనుట అమంగళము కాదు. ఇంట ఒకరు గతించిన దినమున ఎవరికిని బుద్ధి నిలకడగా ఉండదు. పురోహితుడు దర్భలు తెమ్మనును, నువ్వులు తెమ్మనును, అరటి ఆకులు తెమ్మనును. ఎవరో తెచ్చి ఇత్తురు. అవి ఎందులకని అడుగు స్థితి ఆనాడు ఎవరికిని ఉండదు. పదమూడు దినములు గడచిన పిమ్మట అడుగవలెనను తలంపే ఉండదు. పైగా అపరకర్మలకు చెందిన వేదభాగమును గృహములయందు పఠింపరాదను నియమము పాఠశాలలయందు పాటింపబడుచు వచ్చినది. అందుచేత పురుషసూక్తము, శ్రీసూక్తము విని ఆనందించు భక్తులకు సైతము ఆ మంత్రముల భావము చెవిని సోకలేదు. దుఃఖము లేని వేళ విన్న మాట దుఃఖవేళ ఆదుకొనును గనుక, ఆ కర్మలలో వినియోగింపబడు ఓషధులను గూర్చియు, పుష్పములను గూర్చియు మేము ఎరిగినంతవరకు ఇచట మనవి చేయుచున్నాము.

ఓషధుల నుండి వచ్చి ఓషధులను చేరు శరీరము

తైత్తిరీయోపనిషత్తు సృష్టిక్రమమును చెప్పుచు, భూమి నుండి ఓషధులు, ఓషధుల నుండి అన్నము, అన్నము నుండి పురుషుడు కలిగినాడని బోధించినది. మన శరీరము నిన్న మొన్నటి వరికంకియే, కందిగింజయే అని దీని భావము. ఋగ్వేదము 10వ మండలము 16వ సూక్తము చితాగ్నిని ఉద్దేశించినది. అందు గతించిన వానిని సంబోధించి, నీ చూపు సూర్యుని చేరుగాక, ప్రాణము వాయువును చేరుగాక, నీ అవయవములతో ఓషధులయందు నిలువుము అను అర్థము గల మంత్రము కలదు. అన్నముగా మారి మనలోనికి వచ్చిన పచ్చదనము తిరిగి పచ్చదనమునే చేరుచున్నదన్నమాట.

ఓషధి అను పదమునకు అమరకోశము చెప్పిన లక్షణము గూడ గమనింపదగినది. ఫలము పండుటతో ఏ మొక్క ఆయువు ముగియునో అది ఓషధి. వరి అట్టిది, నువ్వు అట్టిది, అరటి అట్టిది. పంట చేతికి వచ్చిన దినముననే మొక్క వాడిపోవును. గింజ మాత్రము మరల మొలకెత్తును. అపరకర్మయందు మన చేతికి వచ్చు నువ్వు, వరి, యవలు, అరటి ఈ జాతివే. మాటతో ఓదార్చరాని వేళ పెద్దలు ఈ గింజలనే చేతిలో పెట్టినారు.

దర్భ

అవసానము సమీపించినపుడు నేలను గోమయముతో అలికి, దర్భలు పరచి, నువ్వులు చల్లి, ఆ మనిషిని పరుండబెట్టుట మన సంప్రదాయము. నోటిలో తులసితీర్థము పోయుదురు. దర్భ శ్రీమహావిష్ణువు రోమముల నుండియు, తిలలు ఆయన స్వేదము నుండియు జన్మించినవని గరుడపురాణము చెప్పుచున్నది. మహాభారతమున ఆదిపర్వమందలి కథ మీరెరిగినదే. తల్లి వినత దాస్యవిముక్తి కొరకు గరుత్మంతుడు అమృతకలశమును తెచ్చి కుశలపై నుంచినాడు. నాగులు స్నానమునకు పోయినపుడు ఇంద్రుడు దానిని కొనిపోయినాడు. తిరిగి వచ్చిన నాగులు అమృతపు తడి యుండునను ఆశతో ఆ కుశలను నాకగా వాని నాలుకలు చీలినవి. అమృతస్పర్శ వలన దర్భ పవిత్రమైనది. ఈ కథలో అమృతము ఎవరికిని దక్కలేదు, అది తాకిన గడ్డి మాత్రము మనకు మిగిలినది. చావు లేని బ్రతుకును కోరవద్దు, పవిత్రమైన బ్రతుకును కోరుమని దీని సారముగా మేము గ్రహించుచున్నాము.

దర్భను చావుగడ్డియని భయపడువారు కలరు. అది సరికాదు. వివాహమునందు వధువు శిరస్సుపై దర్భలతో అల్లిన చుట్టనే ఉంచి, దానిపై కాడిని నిలుపుదురు. ఉపనయనమున వటువు కూర్చుండునది దర్భలపైననే. దేవకార్యములందు దాని కొనలు తూర్పునకు, పితృకార్యములందు దక్షిణమునకు ఉండును. దిక్కు మారినది గాని దర్భ మారలేదు. పెండ్లియందు మనతోనున్న గడ్డియే కడపటి దినమునను మనతో నుండును.

నేడు అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను ఉన్న మన పిల్లలు దర్భలు దొరకుట లేదని బాధపడుచుందురు. పూర్వులు పది విధములైన దర్భలను చెప్పినారు. కుశ దొరకనిచో రెల్లు, గరిక, వట్టివేరుగడ్డి, చివరకు యవల గడ్డి, గోధుమగడ్డి, వరిగడ్డి సైతము దర్భలుగానే పరిగణింపబడినవి. గోధుమ పండని దేశములు అరుదు గదా! కర్మ ఆగిపోవలసిన పని లేదు.

తిలలు

ఎవరైన ఒక పనిని పూర్తిగా విడిచిపెట్టినచో, దానికి తిలోదకములిచ్చినాడనుట మన భాషలో వాడుక. నువ్వులు, నీళ్లు వదలుకొనుట అనియు అందురు. ఈ నుడికారము పుట్టిన తీరును చూచిన ఆశ్చర్యము కలుగును. తిలోదకములిచ్చువాడు చేయుపని విడిచిపెట్టుట కాదు. ఆతడు గోత్రమును చెప్పును, పేరును చెప్పును, తండ్రిని, తాతను, ముత్తాతను వరుసగా పిలుచును. ఇంటిలో ఎవరును పలుకని పేర్లను అమావాస్యనాడు నీటి యొడ్డున పలుకును. లోకము మరచినవారిని మరువకుండుటయే తిలోదకము. వ్యవహారమున దానికి మరచుటయను అర్థము వచ్చినది గాని, కర్మయొక్క అర్థము తలచుట.

ఖర్చు చేయగలవారే కర్మ చేయగలరనుకొనుటయు పొరపాటే. అయోధ్యాకాండమున చిత్రకూటమునందు భరతుని వలన తండ్రి మరణవార్త విన్న శ్రీరాముడు మందాకిని యొడ్డున ఉదకమిచ్చి పిండము పెట్టినాడు. రాజ్యము లేదు, ధాన్యము లేదు. అడవిలో దొరకిన ఇంగుదీఫలముల పిండిని, రేగుపండ్లను కలిపి దర్భలపై ఉంచి, మేము తినునది ఇదియే, దీనినే స్వీకరింపుమని తండ్రిని వేడినాడు. పిమ్మట ఆ దారిన వచ్చిన కౌసల్య, దక్షిణాగ్రములైన దర్భలపై నున్న ఆ పిండమును చూచి దుఃఖించినది. చక్రవర్తికి పెట్టిన పిండము అదియా అని తల్లిమనసు తల్లడిల్లినది. కాని అదియే శాస్త్రసమ్మతమైన పిండమని వాల్మీకి మనకు చూపినాడు. తాను ఏది తినునో దానినే పితృదేవతలకు ఇడుట ధర్మము. అప్పుచేసి పెట్టిన పిండివంటల కంటె ఆ రేగుపండ్లు తక్కువవి కావు.

మోదుగ

శరీరమే దొరకనిచో ఆ దుఃఖమునకు తుది యెక్కడ? సముద్రమున మునిగినవారు, దూరదేశమున గతించినవారు, యుద్ధభూమినుండి తిరిగి రానివారు ఏ కాలమునందైనను ఉన్నారు. అట్టివారికై సూత్రకారులు 360 మోదుగాకుల కాడలతో మనుష్యాకృతిని కూర్చి, దానికి సంస్కారము చేయుమని విధించినారు. పురాణములయందు ఆ ఆకృతికి శిరస్సుగా నారికేళమును చెప్పినారు. 360 అను సంఖ్య ఏల? మనుష్యశరీరమున 360 ఎముకలని వైదికుల గణన. సుశ్రుతసంహిత శల్యశాస్త్రమున 300 అని చెప్పుచునే, వేదవాదుల మతమున 360 అని స్మరించినది. దొరకని యెముకలకు బదులుగా ఒక్కొక్క కాడను లెక్కించి పేర్చుటయే ఈ విధి.

1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినపుడు వేలమంది ప్రాణములు గోల్పోయినారు. తమవారి శరీరములను గుర్తింపజాలని కుటుంబములు అనేకములు. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి వ్యాపించిన దినములలో కన్నతండ్రి ముఖమును కడసారి చూడ నోచుకొనని పిల్లలు ఎందరో! చేతులతో ఏమియు చేయలేకపోతిమను బాధ ఏండ్ల తరబడి మనసును తొలచును. ఆ చేతులకు ఒక పని కల్పించుటలో ఋషుల కరుణ కానవచ్చును. 360 కాడలను ఒకటొకటిగా పేర్చు కుమారుడు తండ్రిని తన చేతులారా సాగనంపుచున్నాడు.

పచ్చిక, అరటి, వేప

యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయమున ఉదకదానము ముగించి ఒడ్డునకు వచ్చినవారిని ఏమి చేయవలెనో చెప్పబడినది. వారిని వెంటనే ఇంటికి పంపలేదు. మెత్తని పచ్చికపై కూర్చుండబెట్టి, పెద్దలు పూర్వకథలను చెప్పి ఊరడింపవలెనని విధించినది. కఠినమైన నేలపై గాక పచ్చికపై కూర్చుండబెట్టుమనుటలోని సౌకుమార్యమును గమనింపుడు. అచట చెప్పదగిన మాటలలో ఒకటి అరటిని గూర్చినది. అరటిబోదెను పొరపొరగా ఒలిచినచో లోపల చేవ యనునది ఉండదు. మనుష్యజన్మము అట్టిదే, నీటిబుడగ వంటిదే. అందు శాశ్వతమైన చేవను వెదకువాడు మోహమున పడినవాడని దాని తాత్పర్యము. అయినను చేవలేని ఆ అరటియే ఆకు నిచ్చును, పువ్వు నిచ్చును, గెల నిచ్చి, ప్రక్కన పిలకను నిలిపి తాను ఒరిగిపోవును. చేవ లేదని అరటిని ఎవరు నిందించినారు?

ఆ పిదప అందరును ఇంటికి మరలవలెను, చిన్నపిల్లలు ముందు నడువవలెను. వాకిట నిలిచి వేపాకు నమిలి, ఆచమించి, నిప్పును, నీటిని, గోమయమును, తెల్ల ఆవాలను స్పృశించి, రాతిపై పాదము మోపి మెల్లగా లోనికి ప్రవేశింపవలెనని ఆ స్మృతియే చెప్పినది. ఆ దినమున నోటికి తొలుత తగులునది చేదు. దుఃఖమును దాచుకొనుమని శాస్త్రము చెప్పలేదు. చేదును చేదుగానే రుచి చూడుమన్నది. కాని గడప దాటి లోనికి రమ్మన్నది. ఉగాదినాడు తొలుత నోట పెట్టుకొనునదియు ఆ వేపయే గదా!

జమ్మి

శ్మశానము ఎట్లుండవలెనో ఆశ్వలాయన గృహ్యసూత్రము చెప్పినది. నలుదెసల ఆకాశము కనబడవలెను, ఓషధులు విస్తారముగా పెరుగు స్థలమై యుండవలెను. ముండ్లకంపలు, చెత్తకుప్పలు నిండిన నేటి రుద్రభూములను ఈ మాటతో పోల్చి చూచుకొనుడు. అస్థిసంచయన సమయమున పాలు, నీళ్లు కలిపి, జమ్మికొమ్మతో ఆ స్థలముపై చల్లుచు ముమ్మారు తిరుగవలెనని ఆ సూత్రమే విధించినది. శమి యనగా శమింపజేయునది.

జమ్మిచెట్టుకు శ్మశానముతో గల సంబంధము విరాటపర్వమునను కలదు. పాండవులు ఆయుధములను దాచిన శమీవృక్షము శ్మశానసమీపమున నున్నది. ఎవరును దరి చేరకుండుటకు వారు దానికి ఒక శవమును కట్టి, అది నూటయెనుబది ఏండ్ల తమ తల్లిదని చెప్పినారు. శవము వ్రేలాడిన ఆ చెట్టు ఆకునే విజయదశమినాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టి ఆశీస్సులు పొందుచున్నాము. మృత్యువును తాకినంత మాత్రమున ఏ చెట్టును అమంగళము కాలేదు. ఈ మాటను మనసున నుంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

చితాగ్ని సూక్తము ముగింపున ఋషి అగ్నిని ఏమి ప్రార్థించినాడో వినుడు. ఓ అగ్నీ, నీవు కాల్చిన ఈ చోటును నీవే మరల చల్లార్చుము; ఇచట నీటిమొక్క మొలచుగాక, లేతగరిక మొలచుగాక, కొమ్మలు వేయు మొక్క పెరుగుగాక అని ఆ మంత్రభావము. తరువాతి మంత్రమున వాననీటి చల్లదనమును, ఆడకప్పను సైతము పిలిచినాడు. చితి కాలిన నేలపై మరల పచ్చిక మొలవవలెనని కోరుటతో ఆ సూక్తము పూర్తియగుచున్నది.

పుష్పములు

గతించినవారిని పూలతో అలంకరించుట ప్రాచీనాచారమే. దేహమునకు నలదమను సుగంధద్రవ్యమును పూసి, నలదమాలను వేయుమని ఆశ్వలాయనుడు చెప్పినాడు. పితృకార్యములందు తెల్లని, సువాసన గల పూవులు శ్రేష్ఠములని పెద్దల మాట. నేడు మన ఊళ్లలో పాడెపై నిండుగా కనబడునది బంతిపువ్వు. ఈ బంతి అమెరికా ఖండమునకు చెందినది. ఐరోపా నావికులు 1492లో ఆ ఖండమును చేరిన తరువాతనే లోకమంతటికిని వ్యాపించినది. ఏ సూత్రకారుడును దానిని ఎరుగడు. అయినను మన గుమ్మములకు తోరణమైనది, మన పాడెలకు మాలయైనది. ఎవరును తప్పుపట్టలేదు. లోకాచారమునకు క్రొత్తది వచ్చి చేరగలదు. చేరగలిగినది తొలగియు పోగలదు.

తెలంగాణమున భాద్రపద అమావాస్యను పెత్రమాస యందురు. ఆనాడు పెద్దల పేర బియ్యమిచ్చి పితరులను తలచెదరు. ఆ సాయంకాలముననే తంగేడు, గునుగు పూలతో ఎంగిలిపూల బతుకమ్మను పేర్చెదరు. పితృదేవతలను సాగనంపిన దినముననే పూలకు బ్రతుకు అను పేరు పెట్టి పాడుకొను జాతి మనది. వేదము చితాభూమిపై పచ్చికను కోరినదానికిని, ఆ ఆడపడుచులు పూలను పేర్చినదానికిని భావము ఒక్కటియే.

ఇంతవరకు చెప్పినదంతయు ఒక్క మాటలో చెప్పవలెనన్నచో, అపరకర్మలోని ప్రతి మొక్కయు పోయినవానిని సాగనంపుచు, ఉన్నవానిని జీవలోకమునకు మరలించుచున్నది. ఈ దృష్టితో చూచినపుడు మన ఇండ్లలోని ఒక ఆచారము మాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. భర్తను గోల్పోయిన స్త్రీకి పదియవనాడు తలనిండ పూలు పెట్టి, గాజులు తొడిగి, పిమ్మట అందరి యెదుట వానిని తీసివేయుదురు. అప్పటికే విరిగిన మనసును ఆ విధముగా మరల విరుతురు. ఇది వేదోక్తమని పలువురు నమ్మి ఊరకుందురు. ఋగ్వేదము 10వ మండలము 18వ సూక్తము మృత్యువును గూర్చినదే. అందు గతించిన భర్త చెంత నున్న స్త్రీతో ఋషి పలికిన మాట, ఓ నారీ, లెమ్ము, జీవలోకమునకు రమ్ము అని. తైత్తిరీయారణ్యకమున, మనలో అధికులు అధ్యయనము చేయు శాఖలో, ఆ మంత్రము కలదు. ఆ సూక్తమున పూలు పెరుకు మాట లేదు, గాజులు పగులగొట్టు మాట లేదు.

తరువాతి స్మృతులు, పురాణములు విధవకు కొన్ని నియమములు చెప్పినవి గదా అని పండితులు అడుగవచ్చును. చెప్పినవి. మేము కాదనము. కాని నియమమనునది తాను సంకల్పించి తాను స్వీకరించునది. ఒకరి ఉపవాసమును మరొకరు చేయింపజాలరు. ఒకరి వైరాగ్యమును మరొకరు లాగి తెప్పింపజాలరు. ఆ పూవు పెండ్లినాడు వచ్చినది కాదు. పసిపిల్లయై యున్నపుడు తల్లి తన చేతితో జడలో తురిమినది. తల్లి ఇచ్చినదానిని బంధువులు తీయుట ఏ న్యాయము? శవము వ్రేలాడిన జమ్మి మనకు మంగళకరమైనపుడు, భర్తను సేవించి సాగనంపిన ఇల్లాలు అమంగళమెట్లు అగును?

మహారాష్ట్రమున కొల్హాపూరు జిల్లాలోని హేర్వాడ్ గ్రామసభ 2022 మే 4న ఈ తంతును మాన్పుచు తీర్మానము చేసినది. ఆ మాసముననే అక్కడి ప్రభుత్వము ఇతర గ్రామములకును దానిని ఆదర్శముగా చూపినది. మనకు తీర్మానముల వరకు పోవలసిన పనియే లేదు. ప్రతి యింటను ఒక పెద్ద ముత్తైదువ యుండును, ఒక పెద్దవాడుండును. వారిలో ఒకరు, వద్దమ్మా, ఆమెను తాకవద్దని పలికినచో చాలును. పురోహితులకును మా ప్రార్థన ఇదియే. మీరు చదువు మంత్రము ఆమెను లెమ్మనుచున్నది; మీ యెదుట జరుగు తంతు ఆమెను కూలద్రోయుచున్నది. రెండింటిలో దేని పక్షమున నిలువవలెనో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పువ్వు ధరించుటయా, మానుటయా అన్నది ఆ తల్లి నిర్ణయము. ఆమె మానినచో గౌరవింతము, ధరించినచో సంతోషింతము.

చేయదగిన పనులు

భక్తులు కొన్ని చిన్న పనులను పాటింతురుగాక. పాడెపై వేయు మాలలు నిజమైన పూలవై యుండవలెను. ప్లాస్టిక్కు మాలలను, సంచులను గోదావరీ కృష్ణా తీర్థములలో విడువరాదు. శాస్త్రము ఈ కర్మలలో చెప్పినవన్నియు నేలలో నేలగా, నీటిలో నీరుగా కలిసిపోవునవే. ఇంటి తులసిని, పెరటి అరటిని చావుకు వాడితిమని పెరికివేయకుడు. వానికి నీరు పోయుడు. ఊరి రుద్రభూమిలో కంప కొట్టించి, వేప, జమ్మి, మోదుగ మొక్కలను నాటింపుడు. పదిమంది పుత్రులతో సమానము ఒక వృక్షమని మత్స్యపురాణము చెప్పుచున్నది గనుక, సంతానము లేనివారి పేరను ఒక చెట్టును నాటి సంవత్సరము పాటు కాపాడుట గొప్ప ఋణవిముక్తి. మాసికముల నాడు దానికి నీరు పోయుచున్నచో, సంవత్సరీకము నాటికి అది చిగిర్చి యుండును.

దుఃఖము వచ్చిన ఇంట దీనిని చదువు భక్తులకు మా మనవి ఒక్కటియే. నిప్పు ఆరిన నేలపై గరిక వెంటనే మొలవదు. వాన రావలెను, దినములు గడువవలెను. కాని మొలచును. అంతవరకు ప్రక్కన కూర్చుండువారు ఉండవలెను. ఆ పచ్చికపై పెద్దలు కూర్చుండి కథలు చెప్పినట్లు, మీ వీథిలో దుఃఖించువారి చెంత మీరు కూర్చుండుడు. భగవంతుడు మీకు ఆ శక్తి నిచ్చుగాక!

స్వస్తి.